నలభై రెండో సైటేషన్

పొద్దున్నే కళ్లు తెరవగానే కొందరు దేవుడి పటం చూస్తారు, కొందరు అరచేతులు చూసుకుంటారు. విద్యాధర్ సైటేషన్లు చూసుకుంటాడు.

సైటేషన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. మనం రాసిన పరిశోధన పత్రాన్ని ఇంకో సైంటిస్టు తన పత్రంలో ప్రస్తావిస్తే అదొక సైటేషన్. ఎంతమంది ప్రస్తావిస్తే అంత పేరు. ముప్పై రెండేళ్ల విద్యాధర్ కరీంనగర్‌లో ఓ పరిశోధన కేంద్రంలో షుగరు, థైరాయిడ్ లాంటి హార్మోన్ల జబ్బుల మీద పనిచేస్తాడు. పద్నాలుగు పేపర్లు రాశాడు. వాటిలో పదమూడు ఏదో బతుకుతున్నాయి. ఒక్కటి మాత్రం ఇంటిని నిలబెట్టే పెద్దకొడుకు లాంటిది. శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో నైట్ షిఫ్టు చేసే కార్మికులకు పరగడుపున కూడా రక్తంలో షుగరు ఎక్కువుంటుందని తేల్చిన పేపరు అది. రెండేళ్లలో నలభై ఒక్క సైటేషన్లు తెచ్చింది.

ఏప్రిల్ నడుమ ఓ ఆదివారం ఆ నలభై ఒకటి నలభై రెండయింది. విద్యాధర్ మొహం కూడా కడుక్కోకుండా వంటింట్లోకి వెళ్లాడు.

"అమ్మా, నలభై రెండు."

"ఎండనా?" అంది తల్లి జానకీబాయి, పప్పులోంచి గరిటె తీయకుండానే. "ఇంకా పెరుగుతది. మే నెల రానియ్యి."

తల్లికి సైటేషన్ గురించి చెప్పీ చెప్పీ అలిసిపోయిన కొడుకు వెనక్కొచ్చి, తనను ప్రస్తావించిన ఆ పుణ్యాత్ములెవరో చూద్దామని తెరిచాడు. అది పేపరు కూడా కాదు. జర్నల్ సంపాదకుడికి రాసిన అరపేజీ లెటర్. రాసినావిడ పేరు రచన. మంచిర్యాలలో ఓ డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ లెక్చరర్. మొదటి వాక్యమే ఇలా ఉంది: 'ఈ పేపరు రాసినవారు శ్రీరాంపూర్‌లో ఎన్నడూ చాయ్ తాగి ఉండరని నా అనుమానం.'

రెండో వాక్యం ఇంకా మర్యాదగా, ఇంకా గట్టిగా కొట్టింది. పరగడుపున పరీక్షించామని చెప్పిన నైట్ షిఫ్టు కార్మికుల్లో దాదాపు ఎవరూ పరగడుపున లేరట.

విద్యాధర్‌కు ఒళ్లు మండింది. వెంటనే ఈమెయిల్ కొట్టాడు. 'మేడం, మేము నూట ఎనభై ఆరు మందిని ఒక్కొక్కరినీ పరగడుపునే ఉన్నారా అని అడిగి, సంతకం తీసుకుని, ఆ తర్వాతే రక్తం తీశాం. మీ దగ్గర ఆధారం ఉందా?'

నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. 'ఉంది సార్. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి బాయి గేటు ముందు చాయ్ హోటల్‌కు రండి. వేడివేడిగా దొరుకుతుంది.'

ఆ వారమంతా విద్యాధర్ మనసులో వాదనలు తయారుచేసుకున్నాడు. రచన అంటే యాభై ఏళ్లుంటాయని, కళ్లద్దాలుంటాయని, చేతిలో ఎర్ర పెన్ను ఉంటుందని కూడా నిర్ణయించుకున్నాడు.

శనివారం సాయంత్రమే బస్సెక్కి, గోదావరి దాటి, మంచిర్యాలలో లాడ్జీలో దిగాడు. మర్నాడు తెల్లచొక్కా తొడుక్కుని ఏడుకి పది నిమిషాలుండగా చాయ్ హోటల్ ముందు ఆటో దిగాడు. దిగీ దిగగానే గాలిదుమారం లేచి, అకాల వాన పట్టుకుంది. బొగ్గుధూళి మీద పడ్డ చినుకు తెల్లచొక్కాను వదులుతుందా. రేకుల కిందికి పరిగెత్తేసరికి చొక్కా నిండా నల్లచుక్కలే.

బల్ల మీద ఒకమ్మాయి కూర్చుని నవ్వు ఆపుకుంటోంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది ఉంటాయి. నీలం రంగు చుడీదార్, వానకు తడిసిన చెప్పులు.

"జర జరుగుండ్రి. ఇక్కడికి ఒక మేడం వస్తది," అన్నాడు విద్యాధర్ చేతిరుమాలుతో చొక్కా తుడుచుకుంటూ.

"ఎందుకొస్తది?"

"లడాయి పెట్టుకోవాలె ఆమెతోని."

"అయితే పెట్టుకోండ్రి. వచ్చి పావుగంట అయింది."

తయారుచేసుకున్న వాదనల్లో మొదటిదేమిటో కూడా గుర్తురాలేదు విద్యాధర్‌కు. చిన్న గడ్డం, దానికి ఎడమపక్కన పుట్టుమచ్చ. శత్రువుకు పుట్టుమచ్చ ఉంటుందని ఎవరనుకుంటారు.

ఏడింటికి షిఫ్టు వదిలారు. మొహం నిండా బొగ్గుతో కార్మికులు ఒక్కొక్కరే వచ్చారు. రేకుల కిందికి రాగానే అడగకుండానే చేతికి గ్లాసొచ్చింది. హోటలతను గ్లాసుకు మూడు చెంచాల చక్కెర వేయడం విద్యాధర్ కళ్లారా చూశాడు.

రచన మొదటాయన్ను ఆపింది. "కాకా, పరగడుపునే ఉన్నవా?"

"ఉన్ననే బిడ్డ. ఇంటికి పోయి తానం జేసినంకనే గద తినుడు."

"మరి చేతిల గదేంది?"

"చాయ."

"చాయ తాగితే పరగడుపు పోదా?"

ఆయన ఆమెను జాలిగా చూశాడు. "చదువుకున్నదానివి గిదేం అడుగుడే. చాయకు పరగడుపు ఎట్ల పోతది? చాయ తిండి కాదాయె."

రెండో ఆయనదీ అదే మాట. మూడో ఆయన చాయ్‌లో బన్ను ముంచుకుంటూ, బన్ను కూడా చాయ్ కిందికే వస్తుందని వివరించాడు. పదకొండు మందిని అడిగింది రచన. పదకొండు మందీ గ్లాసు చేత్తో పట్టుకుని, పరగడుపునే ఉన్నామని ప్రమాణం చేసినంత పని చేశారు.

"మేము అడిగినప్పుడు గూడ ఏం తినలేదనే చెప్పిండ్రు," అన్నాడు విద్యాధర్ నీరసంగా.

"తిన్నరా అని మీరడిగిండ్రు. తినలేదని వాళ్లన్నరు. అబద్ధం ఎవ్వలు చెప్పలే సార్." ఆమె గొంతులో ఇప్పుడు వేళాకోళం కొంచెం తగ్గింది. "పొద్దటి ఫస్ట్ షిఫ్టోళ్లను ఇండ్లల్ల, నిద్ర లేవంగనే పరీక్ష చేసిండ్రు. నైట్ షిఫ్టోళ్లను గీ గేటు కాడ, హోటల్ పక్కన టెంటేసి చేసిండ్రు. మీరు పట్టుకున్న తేడ షిఫ్టుది కాదు. మూడు చెంచాల చక్కెరది."

ఎదురుగా చాయ్ చల్లారిపోతోంది. విద్యాధర్ తాగలేకపోయాడు.

అప్పుడొచ్చాడు బాలమల్లు. యాభై ఎనిమిదేళ్ల మనిషి, బక్కపల్చగా, మీసాల మీద బొగ్గు. గ్లాసు అందుకోబోయి రచనను చూసి చేయి వెనక్కి తీసుకున్నాడు.

"మా బాపు," అంది రచన. "మీ లిస్టుల నూట పదిహేడో నంబరు."

"నాకు షుగరున్నదని కాగితమిచ్చింది గీ సారేనా?" బాలమల్లు విద్యాధర్‌ను కిందినుంచి పైకి చూశాడు. "సారూ, రెండేండ్లాయె. నీ కాగితం మా ఇంటిది బీరువల పెట్టి తాళమేసింది. మామిడిపండు బంద్. బెల్లం బంద్. ఇంట్ల సప్పటి చాయ. పోయిన పెండ్లిల లడ్డు గూడ చేతిలకెంచి గుంజుకున్నది."

"మరి ఇక్కడ?"

"ఇంట్ల పొయ్యరు గనుకనే గద ఇక్కడ తాగుడు."

విద్యాధర్‌కు సిగ్గేసింది. పేపరు తప్పయితే పేరు పోతుందని మాత్రమే ఇంతసేపూ భయపడ్డాడు. ఆ తప్పు ఒక ఇంటి బీరువాలో రెండేళ్లుగా ఉందన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

"అందరినీ మళ్ల పరీక్ష చేస్త," అన్నాడు. "మీరు సాయం చేస్తరా మేడం?"

"ఈసారి ఏమడుగుతరు?"

"చాయ తాగిండ్రా అని."

"ఇప్పుడు సైంటిస్టు అయిండ్రు," అంది రచన. హోటలతను తెచ్చిన రెండో చాయ్ మాత్రం విద్యాధర్ పూర్తిగా తాగాడు.

అనుమతులు తెచ్చుకుని, టెక్నీషియన్‌ను వెంటబెట్టుకుని, మే నెలలో నాలుగు ఆదివారాలు శ్రీరాంపూర్ వచ్చాడు. ఎండ జానకీబాయి చెప్పినట్టే పెరిగింది. రక్తం ఇచ్చేదాకా ఎవరికీ చాయ్ పోయకుండా రచన హోటల్ ముందు కాపలా నిలబడేది. హోటలతను మొదటి ఆదివారం గొణిగాడు, రెండో ఆదివారం తిట్టాడు, మూడో ఆదివారం ఆమెకు కుర్చీ వేశాడు.

ఖాళీ దొరికినప్పుడల్లా ఆమె విద్యాధర్‌ను ఏడిపించేది.

"రోజు సైటేషన్లు చూసుకుంటరట గద. మొఖం కడుక్కోకముందా, కడుక్కున్నంకనా?"

"కడుక్కున్నంకనే," అని అబద్ధమాడాడు. "మీకెన్ని ఉన్నయి?"

"ఒకటి. అది గూడ నాకు నేనే ఇచ్చుకున్న."

అతను పగలబడి నవ్వాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో సైటేషన్ల మీద జోకేసిన మనిషిని అతను చూడలేదు. రాసిన పేపరును మొదటి అక్షరం నుంచి చివరి పట్టిక దాకా చదివిన మనిషినీ చూడలేదు. ఆ నలభై ఒక్క మందీ పైపైన చూసి వెళ్లినవాళ్లేనని అతనికి ఎప్పటినుంచో తెలుసు. ఈమె తప్పు వెతకడానికే చదివింది, నిజమే. అయినా చదివింది కదా. ఎండకు నెత్తిన వేసుకోమని ఆమె ఇచ్చిన తువ్వాల అతను తిరిగి ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఆదివారం నుంచి ఆదివారానికి వారం ఇంత పొడుగుంటుందని అతనికి ఆ మే నెలలోనే తెలిసింది.

బాలమల్లు కూడా పరీక్ష పెట్టాడు.

"సారూ, మా బిడ్డ ఏదో ఇండెక్స్ అంటది. నీదెంత?"

"నాలుగు. అంటే కనీసం నాలుగేసి సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నయి అన్నట్టు."

"ఎన్నిట్ల నాలుగు?"

"గట్ల ఉండదు. పై లెక్క లేదు దానికి."

బాలమల్లు వేళ్ల మీద లెక్కేసి, "పాసైనట్టేనా మరి?" అన్నాడు. రచన మొహం అటు తిప్పుకుంది. ఆమె భుజాలు మాత్రం కదులుతున్నాయి.

నూట డెబ్బై తొమ్మిది మంది లెక్కకు దొరికారు. నిజంగా షుగరున్నవాళ్లు పదకొండు మంది. బాలమల్లుకు తొంభై ఒకటి, చక్కగా ఉంది. ఆ సంగతి చెబుదామని విద్యాధర్ వాళ్లింటికి వెళితే, రచన తల్లి బాలలక్ష్మి నమ్మలేదు.

"ఆనాడు గూడ గిట్లనే కాగితం పట్టుకొచ్చిండ్రు సారూ. ఆ కాగితం తప్పని మీరు సంతకం పెట్టి రాసియ్యుండ్రి. గప్పుడు పెడుత మామిడిపండు."

"తప్పకుండ రాసిస్తనమ్మా," అన్నాడు విద్యాధర్. బాలమల్లు గోడకు ఆనుకుని క్యాలెండర్ వైపు చూశాడు. పండ్లు ఇంకెన్నాళ్లుంటాయో లెక్క వేసుకుంటున్నాడు.

మాట ఇవ్వడం తేలికైంది. కరీంనగర్‌లో అతని పైఅధికారి ప్రొఫెసర్ శ్యాంసుందర్ లెటరు చదివి ఏమీ చలించలేదు.

"తిట్టినా సైటేషనే విద్యాధర్. లెక్కకు కండ్లుండయి," అన్నాడు. కొత్త ఫలితాలు చూసి మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. "జూన్ ఆరున ఢిల్లీ నుంచి కమిటీ వస్తది. ఐదేండ్ల ప్రాజెక్టు. అది వస్తే నీ పోస్టు పర్మనెంట్ అయితది. ఇయ్యాల గీ పేపర్ తప్పని చెప్తే ఏమైతదో నీకు తెల్వదా? కమిటీ పోనియ్యి. తర్వాత నింపాదిగ సవరణ పంపుదాం."

విద్యాధర్ సరేనన్నాడు. ఏడేళ్లు టెంపరరీగా పనిచేసినవాడికి పర్మనెంట్ అన్న మాట ఎంత తియ్యగా ఉంటుందో ఆ ఏడేళ్లు చేసినవాడికే తెలుసు.

మే చివరి ఆదివారం ఆ మాటే రచనకు చెప్పాడు. "నెల రోజులు ఆగుదాం. అంతే."

ఆమె ఫైలు మూసింది. "మొదటి తప్పు మీరు తెల్వక చేసిండ్రు సార్. గందుకే మీతోని ఇన్ని రోజులు నవ్విన. గిది తెలిసి చేస్తుండ్రు."

"నెలే గద రచనా."

"మా బాపుకు నెల. మీ పేపర్ నమ్మినోళ్లు ఇంకా ఎంతమంది ఉన్నరో, వాళ్లకు ఎన్నేండ్లో." ఫైలు అతని చేతిలో పెట్టింది. "అందరి షుగరు లెక్కలు దీంట్ల ఉన్నయి. ఇగ నా అవసరం లేదు మీకు."

ఆమె వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. విద్యాధర్ రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాడు.

బస్సు గోదావరి వంతెన మీదికొచ్చేసరికి అలవాటు కొద్దీ ఫోన్ తీశాడు. నలభై మూడు. ఎక్కడో బ్రెజిల్‌లో గనుల ఆస్పత్రి డాక్టర్లు రాశారు. విద్యాధర్ పేపరును ఆధారం చేసుకుని, నైట్ షిఫ్టు కార్మికులకు ముందు జాగ్రత్తగా షుగరు మాత్రలు మొదలుపెట్టారట.

సైటేషన్ పెరిగితే ఏడుపొచ్చిన సైంటిస్టు బహుశా ఆ రోజు ప్రపంచంలో అతనొక్కడే. పేరు తెలియని ఊళ్లో, పేరు తెలియని బాలమల్లులు, లేని జబ్బుకు మాత్రలు మింగుతున్నారు.

జూన్ ఆరున కమిటీ ముందు విద్యాధర్ వేసిన మొదటి స్లయిడ్‌లో గ్రాఫు లేదు. చాయ్ గ్లాసు ఫొటో ఉంది. "నా ముఖ్యమైన పేపరు తప్పు. ఎందుకు తప్పో పది నిమిషాల్లో చెబుతాను," అని మొదలుపెట్టాడు. శ్యాంసుందర్ కళ్లు మూసుకున్నాడు, ఆ పది నిమిషాలూ తెరవలేదు. కమిటీ వాళ్లు మెచ్చుకున్నారు, చేయి కలిపారు, ప్రాజెక్టు మాత్రం ఇవ్వలేదు. సాయంత్రానికల్లా విద్యాధర్ పేపరును వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కు రాశాడు. బ్రెజిల్‌కు విడిగా రాశాడు.

జూన్ ఎనిమిది, మిరుగు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు మా దిక్కు చేపల కూర వండని ఇల్లుండదు. కార్తె మాట నిలబెడుతూ వాన కూడా పొద్దున్నే మొదలైంది. బాలలక్ష్మి చేపలు కడుగుతుండగా గుమ్మంలో విద్యాధర్ ప్రత్యక్షమయ్యాడు. నెత్తిన తడిసిన తువ్వాల, భుజాన లాప్‌టాప్, ఫైలు పెట్టుకున్న బ్యాగు, ఒక చేతిలో మామిడిపండ్ల సంచి, మరో చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితం.

'నూట పదిహేడో నంబరు బాలమల్లు గారికి షుగరు ఉన్నదని నేను ఇచ్చిన కాగితం తప్పు. తప్పు నాది. విద్యాధర్.'

బాలలక్ష్మి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. లోపలికి వెళ్లి బీరువా తాళం తీసి, పాత కాగితం బయటపడేసి, కొత్తది లోపల పెట్టి తాళం వేసింది. అప్పుడు సంచి అందుకుంది. బాలమల్లు మొదటి పండు చేతిలోకి తీసుకున్నాడు.

రచన తలుపు దగ్గర నిలబడి ఉంది. "కమిటీ ఏమన్నది?"

"ప్రాజెక్టు ఇయ్యలే."

"పోస్టు?"

"టెంపరరీనే."

"మరి గింత సంబురంగ ఉన్నరేంది?"

"మొన్నటి సంది సైటేషన్లు చూసుకోలే. జర అలవాటు తప్పింది."

ఆమె మొహంలో వారం రోజుల కోపం ఎక్కడ దాక్కుందో తెలియలేదు. కళ్లు మాత్రం చెమ్మగిల్లాయి. "వానల గింత దూరం వచ్చిండ్రు. కూసోండ్రి," అంది.

అతను లాప్‌టాప్ తెరిచాడు. చాయ్ సంగతంతా కొత్త పేపరుగా రాశాడు, మొదటి రచయిత రచన, రెండో రచయిత తను. జర్నల్‌కు పంపడానికి ఫారం నింపడమే మిగిలింది. ఫారం చివర ఓ ప్రశ్న ఉంటుంది. పరిశోధన మీద ప్రభావం చూపేలా రచయితలకు ఏమైనా వ్యక్తిగత సంబంధాలున్నాయా అని. అందరూ కళ్లు మూసుకుని 'లేవు' అని నొక్కేస్తారు.

విద్యాధర్ అక్కడ ఆగిపోయాడు.

"నొక్కుండ్రి. ఏమైంది?" అంది రచన.

"లేవని రాస్తే అబద్ధమైతది. ఒకసారి తప్పు రాసి పడ్డది చాలు." అతను తెర వైపే చూస్తూ అన్నాడు. "నాకు ఒక రచయిత మీద ప్రేమ ఉన్నది."

"మొదటి రచయిత మీదనా, రెండో రచయిత మీదనా? రోజు సైటేషన్లు చూసుకునేటోళ్లకు రెండో రచయిత మీద గూడ మస్తు ప్రేముంటది."

"మొదటి రచయిత మీద." వేళ్లు కీబోర్డు మీద పెట్టాడు. "నలభై రెండో సైటేషన్ నాటి సంది."

అతను ఫారంలో టైపు చేశాడు. రెండో రచయితకు మొదటి రచయిత మీద ప్రేమ ఉంది.

రచన ఆ వాక్యాన్ని చదివింది. లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, మొత్తం చెరిపేసింది. ఆమె నెమ్మదిగా మళ్లీ కొట్టింది. రచయితలిద్దరికీ ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉంది.

"ఏం ఫారమే అది?" అన్నాడు బాలమల్లు లోపల్నుంచి. మూడో పండు మీదున్నాడు.

రచన చదివి వినిపించింది. తెలుగులో, తల దించుకుని, ఒక్క అక్షరం మార్చకుండా. వంటింట్లో గిన్నె చప్పుడు ఆగింది.

"మీ ఇంట్ల ఏమంటరు సారూ?" అంది బాలలక్ష్మి బయటికొచ్చి.

"మా అమ్మకు నిన్న చెప్పినమ్మా. నలభై మూడు కంటె ఒక్కతి నయం అన్నది."

బాలమల్లు టెంక పక్కన పెట్టి చేయి కడుక్కున్నాడు. వచ్చి విద్యాధర్‌కు ఎదురుగా కూర్చున్నాడు. "నాలుగంటివి గద నీ లెక్క. ఇగ పెరుగుతదా?"

"చెప్పలేను కాకా. పెరగకపోవచ్చు."

"పెరగకపోతె మానె. చేసిన తప్పుకు సంతకం పెట్టిన సారును నేను ముప్పై ఏండ్ల నౌకరిల చూడలే." బాలమల్లు కూతురి వైపు తిరిగాడు. "పిల్లగాడు పాసే."

"పాస్ సరే," అంది బాలలక్ష్మి కొంగుతో కళ్లొత్తుకుంటూ. "పెండ్లి నాడు కన్యాదానం అయ్యేదాక మనిద్దరం పరగడుపున ఉండాలె. నీతోని అయితదా?"

"ఎందుకు కాదు? పొద్దుగాల రెండు చాయలు తాగి ఉంట."

విద్యాధర్ రచన వైపు చూశాడు. ఆమె ఫైలులోంచి నూట పదిహేడో నంబరు కాగితం తీసి, పెన్నుతో సహా అతని ముందు పెట్టింది. ఇన్నాళ్లూ అతన్ని 'సార్', 'మీరు' అని తప్ప పిలవని మనిషి.

"రెండు చాయలు. రాసుకో," అంది.